శవం ఎంతసేపు పడుకోవాలి

నాటకంలో శవం వేషం సులువనేవాళ్ళని ఒక్కసారి ఒడిశా కొండల్లో లమ్తపుట్ సంతలో పడుకోబెట్టాలి. మాటలు బట్టీ పట్టనక్కర్లేదు, నిజమే. కానీ ముక్కు మీద ఈగ వాలితే తోలుకోకూడదు. ఎవరి మేకో వచ్చి చీర కుచ్చిళ్ళు నమిలినా ఊరుకోవాలి. దుప్పటి కింద కళ్ళు మూసుకుని, పోయిన మనిషి గురించి జనం అనుకునే మాటలన్నీ పోయిన మనిషిలాగే వినాలి. ఈ చివరిది నాకు మొదట్లో సరదాగానే ఉండేది.

మా చిన్నాన్నకి రాయగడలో ఉల్లిపాయలు, ఎండుమిరపకాయల హోల్‌సేల్ కొట్టు. నేను పార్వతీపురం దగ్గర పుట్టి పెరిగినదాన్ని. డిగ్రీ అయిన ఏడే పిన్ని పోయింది. ఆయనకి ఇంత వండి పెట్టేవాళ్ళు లేరని మావాళ్ళు నన్ను రాయగడ పంపించారు. కొన్నాళ్ళే అన్నారు. కొన్నాళ్ళు అని పంపినవాళ్ళు మళ్ళీ రమ్మనడం మర్చిపోతారని నాకు అప్పుడు తెలీదు.

పిన్నిని పాము కరిచింది. గోడౌన్లో బస్తాల వెనక ఎలకలు, ఎలకల కోసం అది. ఆసుపత్రి ఊళ్ళోనే ఉంది. కానీ ఆసుపత్రికి వెళ్ళే దారిలో మంత్రం వేసే ఆయన ఇల్లు ముందు తగిలింది. చిన్నాన్న అక్కడ బండి ఆపాడు. ఆలస్యం అమృతం విషం అంటారు. ఆ సామెత మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. ప్రాణం పోయిందని ఆసుపత్రి వాళ్ళు పెదవి విరిచాక, ఇంటికి తీసుకెళ్ళడానికి వ్యాను కోసమని చిన్నాన్న బజారంతా తిరుగుతుంటే, పిన్ని ఆసుపత్రి వరండాలో ఒక్కతే పడుకుని ఉందట. ఈ మాట ఆయన నాకు చెప్పలేదు. అన్నం కలుపుతూ కలుపుతూ ఒకరోజు గోడకి చెప్పాడు.

ఏడాది తిరిగేసరికి ఆయనకి నాటకం పిచ్చి పట్టింది. పాము కరిస్తే తిన్నగా ఆసుపత్రికే వెళ్ళండి అని చెప్పే వీధి నాటకం. కుర్రతనంలో ఊళ్ళో వేషాలు కట్టినవాడే. అల్లం, పసుపు కొనడానికి కొండమీది సంతలకి ఎలాగూ వెళ్తాడు కాబట్టి కొనుగోళ్ళయ్యాక అక్కడే ఆడదామన్నాడు. మేం ముగ్గురమే. భర్త వేషం, కథ చెప్పడం ఆయన. ఢోలు వాయించి, మధ్యలో మంత్రగాడి వేషం కూడా కట్టేది లమ్తపుట్ పక్క ఊరి మనిషి, దేశియా అనే కొండ ఒడియా మాట్లాడతాడు. ఆయనకి చిన్నాన్న దరువులు చెప్పబోతుంటే తాతకి దగ్గులు నేర్పినట్టుండేది. పాము కాటుకి చచ్చిపోయే భార్య నేను.

మొదటి ఆట మునిగుడ స్టేషను బయట వేశాం. చిన్నాన్న కొండంత రాగం తీసి, కథ మొదలెట్టేసరికి సగం మంది రైలెక్కేశారు. మిగిలినవాళ్ళ ముందు నేను చచ్చిపోయి, దుప్పటి కప్పించుకుని, ఆఖర్న లేచి దణ్ణం పెట్టాను. చప్పట్లు కొట్టారు. ఒకాయన పళ్ళికిలించి, యముడి లోకంలో ఉల్లిపాయలు కిలో ఎంతని అడిగాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వేశాను. చిన్నాన్న రాయగడ దాకా నా పక్కన కూర్చోలేదు.

ఆ వారమంతా నాటకం ఎంతసేపుండాలని మా ఇంట్లో ఒకటే గొడవ. నిలబడి చూసేవాళ్ళ కాళ్ళు లాగకముందే ముగించాలని నేను. ఢోలాయన ఒప్పుకోలేదు. వాళ్ళ ఊళ్ళో నాట్ అంటే తెల్లవార్లూ సాగుతుందట. చచ్చిన రాజులు కూడా ఆఖర్న లేచి ఆడతారట, అది చూస్తే గానీ జనం ఇళ్ళకి పోరట. చిన్నాన్న ఇద్దరి మాటా విని, మొదలంతా కుదించేస్తానన్నాడు. చివర మాత్రం మారుస్తానన్నాడు. నేను లేవకూడదు. ఢోలు ఆగిపోతుంది, కథ చెప్పేవాడు వెళ్ళిపోతాడు, శవం అలాగే ఉంటుంది.

ఎంతసేపు ఉండాలని అడిగాను.

"జనం ఎల్లిపోయేదాకా."

లేచి దణ్ణం పెట్టకపోతే మర్యాదగా ఉండదేమో అన్నాను. ఆయన చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"మీ పిన్ని లెగిసిందేటి, అమ్మీ?"

ఆ గ్లాసు తీసి కడగడానికి వెళ్ళాను.

అలా లమ్తపుట్ వైపు సంతల్లో మొదలుపెట్టాం. ముందురోజే జయపురం చేరి, మా బంధువుల రైస్‌మిల్లు పక్క గదిలో దిగి, పొద్దున్నే కొండెక్కేవాళ్ళం. సంతలో ఎండుచేపలు, ఉప్పు, కుండలు అమ్మే వరసలు దాటాక కొంచెం ఖాళీ ఉండేది. అక్కడ ఆట. నేను కింద పడి, నురగ కక్కినట్టు నటించి, ఆగిపోయేదాన్ని. దుప్పటి పడేది. ఆ తరవాత నాకు వెలుతురు తప్ప ఏమీ కనబడేది కాదు, అదీ మజ్జిగ రంగులో.

మునిగుడలోలా ఇక్కడెవరూ నవ్వలేదు. ఢోలు ఆగాక గుంపు చడీచప్పుడు లేకుండా ఉండిపోయేది. ఎంతకీ కాళ్ళ చప్పుళ్ళు దూరమయ్యేవి కావు. తల పక్కన ఏదో రాలిన చప్పుడయ్యేది. తరవాత చూస్తే గుప్పెడు బియ్యం. ఒకసారి ఆకు దొన్నెలో జీలుగు కల్లు పెట్టి వెళ్ళారు, ఇంకోసారి అల్లం ముక్క. దూరంగా వ్యాను మెట్టు మీద కూర్చున్న చిన్నాన్న పొంగిపోయేవాడు. నమ్మేరు, సూసేవా, నమ్మేరు అనేవాడు. నాకు మాత్రం ఆ బియ్యం చూస్తే ఒళ్ళు జలదరించేది. జీతం బత్తెం లేని వేషానికి పిండాకూడు దొరికిందని అంటే ఆయనకి కోపం వచ్చింది.

ఆమె ఎప్పుడొచ్చిందో చెప్పలేను. ముందు వాసన వచ్చింది. అడ్డపొగ వాసన. మా ఊళ్ళో మా నాయనమ్మ కూడా చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. ఆ వాసన పొరబడే ప్రసక్తే లేదు. దుప్పటికి అవతల, నా తలకి జానెడు దూరంలో ఎవరో ముసలామె చతికిలబడి కూర్చుంది. కడియాలు చప్పుడు చేశాయి. చాలాసేపు కూర్చుంది. ఆఖర్న, నోట్లో చుట్ట తియ్యకుండానే, నా చెవికి దగ్గరగా ఒక్క మాట అంది.

"సరి నాయ్."

నాకు ఒడియా సంతలో బేరానికి కూడా చాలనంతే వచ్చు. వాళ్ళ దేశియా అసలు అందేది కాదు. ఆ రోజు మాత్రం రెండు ముక్కలూ అందాయి. నాయ్ అంటే లేదు అని తెలుసు. సరి అంటే సరే, మన తెలుగు మాటే. తిరుగు ప్రయాణంలో గొప్పగా చెప్పాను, ఎవరో ముసలామె మన నాటకం సరిగా లేదందని. ఏది సరిగా లేదందని చిన్నాన్న అడిగాడు. అంతే అంది, ఇంకేమీ అనలేదన్నాను.

ఆయన రాత్రంతా ఆలోచించినట్టున్నాడు. తరవాతి సంతలో నా తల దక్షిణం వైపు తిప్పించాడు. శవాన్ని ఎటు పడితే అటు పడుకోబెడితే పెద్దవాళ్ళకి తప్పుగా కనబడదా మరి అన్నాడు.

మళ్ళీ అడ్డపొగ, మళ్ళీ ఆ మాట. సరిగా లేదట, సిన్నాన్నా అన్నాను.

తలవైపు దీపం పెట్టాడు. నుదుటి మీద పసుపు రాశాడు. తరవాతి వారం ముక్కుల్లో దూది పెట్టుకోమన్నాడు. నోటితో ఊపిరి తీస్తే దుప్పటి కదులుతుందని, పొట్టతో తీయడం నేర్చుకోమన్నాడు. నేర్చుకున్నాను. ఎవరో సంతలో ఫోన్లో తీసిన వీడియో ఢోలాయన చూపించాడు. దుప్పటి, దీపం, చుట్టూ పాదాలు. నేను ఊపిరి తీస్తున్నట్టు ఎక్కడా లేదు. రెండోసారి చూడమంటే వద్దన్నాను. అందులో కూడా ఆమె వీపు మాత్రమే ఉంది, నా వైపు వంగి.

ఢోలాయన్ని అడుగుతానని చిన్నాన్న అంటే, నేనే కనుక్కుంటానని ఒక్కదాన్నే వెళ్ళి, సరిగా లేదని ఆమె అనడం నువ్వూ విన్నావు కదా, సరి నాయ్ అంది కదా అన్నాను. ఢోలాయన నా వైపు కాకుండా దీపం వైపు చూస్తూ తలూపాడు. సరి నాయ్, నిజమే, సరి నాయ్ అన్నాడు. ఇద్దరం ఒకే మాట అన్నాం, ఇద్దరం ఒప్పుకున్నాం. ఇంకేం కావాలి.

ఆపైన వచ్చిన మార్పు నాకు నచ్చలేదు. జయపురం గదిలో పొద్దున్నే చిన్నాన్న ఒక కవరు తెచ్చి మంచం మీద పెట్టాడు. అందులో పిన్ని ఆకుపచ్చ నేత చీర. ఆసుపత్రికి కట్టుకెళ్ళినది కాదు, దాని ముందురోజు కట్టుకున్నది. ఉతకలేదు. గోడౌను వాసన, వెల్లుల్లి పొట్టు వాసన ఇంకా ఉన్నాయి. ఇది కట్టుకుంటే సరిగా ఉంటాది అన్నాడు. కాదందామనుకున్నాను గానీ ఆయన ముఖం చూసి కట్టుకున్నాను. తరవాత దారం ఉండ తీసి నా కాళ్ళ బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టే విధానం ప్రాక్టీసు చేశాడు. పసుపు బస్తా మూతి కట్టినంత తేలిగ్గా ముడి బిగించాడు. అది చూసే నాకు భయమేసింది.

భయం అంటే దయ్యాల భయం కాదు. నేను ఎప్పుడు లేవాలో చెప్పే మనిషి ఒక్కడే, ఆ మనిషి నన్ను లేపాలని అనుకోవడం లేదు. జనం వెళ్ళేదాకా లేవద్దంటాడు. జనం వెళ్ళరు. సంతలు పలచబడుతున్నా, జీపులు నిండుతున్నా, ఆ అడ్డపొగ వాసన నా తల దగ్గర అలాగే ఉంటుంది. ఆఖరికి ఢోలాయన వచ్చి దేశియాలో ఏదో నచ్చజెబితే కడియాలు బరువుగా లేచేవి. అప్పుడు దుప్పటి తీసేది కూడా ఢోలాయనే. చిన్నాన్న అటు తిరిగి పసుపు బస్తాలు సర్దుకునేవాడు. వారం వారం ఆ వేళ ఇంకా ఆలస్యమవుతోంది. లేచాక నా కాళ్ళు నావి కావన్నట్టుండేవి. ఇంటి దగ్గర నిద్రలో కూడా పొట్టతోనే ఊపిరి తీస్తున్నానని ఒకరోజు తెలివొచ్చి గమనించాను. మానేస్తాను అని చెప్పాలనుకునేదాన్ని. రాయగడ ఇంట్లో పిన్ని పీట మీద ఎవరూ కూర్చోకుండా రోజూ దుమ్ము తుడిచే మనిషికి ఆ మాట ఎలా చెప్పను.

ఆ ఏడు ఆఖరి ఆట లమ్తపుట్లోనే. పొద్దున పట్టిన కొండమంచు మధ్యాహ్నానికి గానీ విడలేదు, మూడు దాటగానే మళ్ళీ దిగింది. దుప్పటి తడిసి ముఖానికి అంటుకుంది. బొటనవేళ్ళు కట్టి ఉన్నాయి, ముక్కుల్లో దూది, ఒంటి మీద పిన్ని చీర. ఢోలు ఆగింది. బియ్యం రాలింది. ఉప్పు అమ్మేవాళ్ళు గోనెలు మడతపెట్టే చప్పుళ్ళయ్యాయి. ఒక జీపు వెళ్ళింది, ఇంకోటి వెళ్ళింది. అడ్డపొగ వాసన కదల్లేదు.

ఆ రోజు ఢోలాయన కాక చిన్నాన్నే వచ్చాడు. ఆయన చెప్పుల చప్పుడు నాకు తెలుసు. ముసలామె ముందు నిలబడి ఒడియాలో అడిగాడు. ఇన్ని వారాలుగా చూస్తున్నావు, ఏది ఠిక్ లేదో, ఏది సరిగా లేదో చెప్పు, మారుస్తాను అన్నాడు. ఠిక్ లేదని నేనెప్పుడన్నాను అందామె. అంతా ఠిక్కే. నేనన్నది సరి నాయ్ అని.

చిన్నాన్న చెప్పులు నా వైపు తిరిగాయి. తరవాత తెలుగులో, మెల్లగా, నాకే చెప్పాడు.

"అమ్మీ, సరిగా నేదని కాదు. అయిపోనేదని."

రోజూ కొట్లో సరుకు నిండుకుంటే ఆయన నోట వినే ఒడియా మాటే. ఉల్లి సరిగలా, మిరప సరిగలా. అయిపోయింది అని. ఆమె చెప్పింది చెప్పినట్టు చెప్పి ఉంటే ఆయనకి మొదటి వారమే తెలిసేది. నేను తెలుగు చేసి చెప్పాను. ఆమె నాటకం ముగించండి నాయనా అంటుంటే, మేం వారానికొకటి చొప్పున నన్ను ఇంకాస్త చంపుకుంటూ వచ్చాం.

ఆమె చెప్పుకుంటూ పోయింది. ఇప్పుడు నోట్లో చుట్ట తీసినట్టుంది, గొంతు స్పష్టంగా ఉంది. చిన్నాన్న ఇంటికొచ్చాక నాకు చెప్పినదాన్ని బట్టి ఆమె అన్నది ఇదీ. పడుకోబెట్టిన మనిషిని ఒంటరిగా వదిలి పోతారా ఎవరైనా? మీరు వదిలి పోయారు, ఆ బండి దగ్గర కూర్చున్నారు. అందుకని నేను కూర్చున్నాను. ఈమె లేస్తే నేను పోతాను. నా ఊరు కొండ మీద. ప్రతి వారం మావాళ్ళ జీపు పోతోంది, నేను నడిచి పోతున్నాను.

ఎన్నాళ్ళుగానో జనం పోతే నేను లేవాలని ఆయన, నేను లేస్తే పోవాలని ఆమె. మధ్యలో నేను.

చచ్చినవాళ్ళు లేవరని చిన్నాన్న అన్నాడు. ఆ ఒడియా నాకూ అర్థమైంది. ఆమె జవాబు కూడా అర్థమైంది, అంత చిన్న మాట.

"ఈమె చావలేదు కదా."

ఆయన నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. మంచు దిగుతున్న చప్పుడు ఉంటుందని ఎవరైనా అంటే నవ్వేదాన్ని. ఆ రోజు విన్నాననిపించింది. తరవాత దుప్పటి మీంచి, మోకాలి దగ్గర, ఆయన చెయ్యి పడింది.

"ఒసే," అన్నాడు. "లెగు. పొద్దోయింది. ఇంటికెల్లిపోదాం."

చిన్నాన్న నన్ను పుట్టినప్పటినించీ అమ్మీ అనే పిలిచాడు. ఒసే అన్న పిలుపు ఆ ఇంట్లో ఒక్క పిన్నిదే.

లేద్దామనుకున్నాను. ఒట్టు, అనుకున్నాను. ఆయన్ని అలా అడిగించి లేవకుండా ఉండేంత రాతి గుండె కాదు నాది. కానీ ఒళ్ళు కదల్లేదు. నటన కాదది. చలి అనుకున్నాను, కట్టిన వేళ్ళు అనుకున్నాను. వెల్లుల్లి పొట్టు వాసన ఒక్కసారిగా ఎక్కువైంది. ఆ చీరలో నేను తప్ప ఇంకెవరో ఉన్నట్టు, ఆ పిలుపు విన్నట్టు, విని, ఊరుకున్నట్టు అనిపించింది.

ఆయన ఎదురుచూశాడు. ముసలామె కూడా ఎదురుచూసింది. ఎవరూ తొందరపెట్టలేదు. కాసేపటికి ఆయన గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. పిన్ని పోయిన రోజు కూడా అలా ఏడవలేదని తరవాత మావాళ్ళు చెప్పారు. ఏడుపు ఆగాక, చొక్కాతో ముక్కు తుడుచుకున్న చప్పుడయ్యాక, నా బొటనవేళ్ళ మీద ఆయన వేళ్ళు తగిలాయి. ముడి విప్పుతున్నాడు. తడికి బిగుసుకుపోయినట్టుంది, చాలాసేపు పట్టింది.

"అమ్మీ," అన్నాడు. "నువ్వు లెగు."

లేచాను. అంతే, సులువుగా లేచాను.

అప్పుడు చూశాను ఆమెని. నేను అనుకున్నంత ముసలిదేం కాదు. పొట్టి మనిషి, ముక్కుకి రెండు వైపులా పుడకలు, చుట్ట ఆరిపోయి చేతిలో ఉంది. నన్ను పైనించి కిందిదాకా చూసి, ముక్కులో దూది తీసెయ్యమని సైగ చేసింది. తీసేశాను. ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది.

"సరిలా," అని, బుట్ట నెత్తిన పెట్టుకుంది.

ఆ రోజు ఆమెని నడవనివ్వలేదు. వ్యానులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కొండ మొదలుదాకా దింపాం. పసుపు బస్తాల మీద నేనూ, ఢోలూ, ఢోలాయనా.

మరుసటి చలికాలం మళ్ళీ ఆడాం, నా సొంత చీరతో. నాటకం ఎంతసేపుండాలన్న గొడవ మళ్ళీ రాలేదు. దుప్పటి కప్పాక చిన్నాన్న శవం పక్కనే కూర్చుంటాడు. ఒసే అని ఒకసారి పిలుస్తాడు. ఎవరూ లేవరు. అది ఎంతసేపు సాగాలో అంతసేపు సాగనిస్తాం. తరవాత అమ్మీ అంటాడు, నేను లేస్తాను. అప్పుడు జనం ఇళ్ళకి పోతారు.

ఆ రోజు మొదటి పిలుపుకి ఎందుకు లేవలేదని ఆయన నన్ను ఇంతవరకూ అడగలేదు. అడిగితే కాళ్ళు తిమ్మిరెక్కాయని చెబుదామని సిద్ధంగా ఉన్నాను. ఇప్పటికీ ఆటలో ఆయన ఒసే అన్నప్పుడల్లా దుప్పటి కింద నేను ఊపిరి బిగబడతాను. నేను లేవకూడదని కాదు. ఎవరైనా లేస్తారేమోనని.